తాడు అవతల ముద్ద

నేను చెయ్యెత్తితే ముప్పై టన్నుల యంత్రం ఆగిపోతుంది. ఇంట్లో నా మాటకి టీవీ కూడా ఆగదు, అది వేరే సంగతి. క్వారీలో మాత్రం ఆగి తీరాలి. పక్షులకో జంతువులకో హాని జరిగేలా ఉంటే పని ఆపించే అధికారం ఎకాలజిస్టుకి ఉంటుందని, ఆ క్వారీకి అక్కడి స్థానిక కౌన్సిల్ ఇచ్చిన అనుమతిలో రాసి ఉంది. ఆ ఎకాలజిస్టుని నేనే. పేరు పుష్పలీల, పుట్టింది తెనాలి, ఉండేది ఇంగ్లండులోని నార్తాంప్టన్. నాకు జీతమిచ్చేది క్వారీ కంపెనీ, నేను ఆపాల్సింది ఆ కంపెనీ పనే. ఇలాంటి ఉద్యోగం ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి వెటకారం పాలు కాస్త ఎక్కువే.

విథర్‌హోమ్ క్వారీలో తవ్వేది ఇసుకా గులకరాళ్ళూ. పాత గుంటల్లో నీళ్ళు నిండి చెరువులయ్యాయి. చెరువులకి పక్షులొచ్చాయి. పక్షుల కోసం ప్రభుత్వం ఆ చెరువులని రక్షిత ప్రాంతం చేసింది. తవ్వినవాళ్ళు తమకి తెలియకుండానే పక్షులకి ఇల్లు కట్టి పెట్టారన్నమాట. ఇప్పుడు ఆ చెరువుల పక్కనున్న పొలం తవ్వుకోవడానికి కంపెనీకి అనుమతి వచ్చింది, బోలెడు షరతులతో. చలికాలంలో వేల పక్షులు చెరువుల మీద వాలతాయి కాబట్టి, పైమట్టి ఎత్తే పెద్ద పని సెప్టెంబరు లోపల ముగించాలి. ముగించలేకపోతే మళ్ళీ వసంతం దాకా యంత్రం కదలకూడదు.

ఇంత లెక్కగా అన్నీ కుదుర్చుకున్నాక, మే నెలలో, సరిగ్గా లారీల దారి వెయ్యాల్సిన చోట ఒక ఉల్లంకి పిట్ట గుడ్లు పెట్టింది.

దానికి గూడంటూ ఉండదు. గులకరాళ్ళ మధ్య పొట్టతో కాస్త గుంట చేసుకుని అందులో పెడుతుంది. నాలుగు గుడ్లు, నాలుగూ గులకరాళ్ళ లాగే మచ్చలతో ఉన్నాయి. పిట్ట లేచి అరవకపోతే నేను తొక్కేసేదాన్నే. మెడలో నల్ల పట్టీ, కంటి చుట్టూ పసుపు గీత, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ చట్టం దృష్టిలో చాలా పెద్ద మనిషి. అది గుడ్ల మీద ఉండగా తెలిసీ తెలిసీ దాన్ని బెదరగొడితే నేరం, జైలు కూడా పడొచ్చు. దగ్గరికెళ్ళి చూసే లైసెన్సు ఆ సైటు మొత్తం మీద నా ఒక్కదానికే ఉంది. వెంటనే పని ఆపించి, దూరంగా చుట్టూ కర్రలు పాతి తాడు కట్టించాను. తాడు లోపలికి మనిషి గానీ బండి గానీ, ఆఖరికి కంపెనీ డైరెక్టరు గానీ అడుగు పెట్టకూడదని చెప్పాను.

సైటు మేనేజరు సదాశివం గారు తాడు పట్టుకుని నిలబడి ఆ రాళ్ళకేసి చాలాసేపు చూశాడు. ఆయనది మంచిర్యాల వైపు బొగ్గు గనుల ఊరు. మైనింగ్ ఇంజినీరింగ్ చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి ఈ చలిదేశంలో తేలాడు. మేమిద్దరం సైట్లో అందరి ముందూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం, పోట్లాటకి మాత్రం తెలుగులోకి దిగుతాం.

"ఏందమ్మా గిది? పావుకిలో లేని పిట్టకు నా రోడ్డు మొత్తం రాసిస్తివి."

"పావుకిలో కాదండీ. నలభై గ్రాములు."

"నలభై గ్రాములకు ఇంతమంది పని బంద్ పెట్టుకోవాలెనా?"

"గుడ్లు పొదిగి పిల్లలు బయటికొచ్చి నడిచెళ్ళిపోతే చాలు, తాడు తీసేస్తాను. ఓ నెల ఓపిక పట్టండి."

"నెల పోతే సెప్టెంబరు లోపట మట్టి ఎత్తుడు కాదు. అప్పుడు ఏడాదే పోతది. ఏడాది పోతే సైటు మూసేస్తనని డైరెక్టర్ గ్రాహమ్ మొహమ్మీదనే చెప్పిండు. డ్రైవర్లకు నేనేం చెప్పాలె? పిట్ట పురుడు పోసుకుంటుంది, ఇంటికి పోండ్రి అనాల్నా?"

నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "గుడ్లు పోతే ఏమైతది? అంటే, నక్కో గిక్కో తింటే?"

"పోతే ఇంకేముందీ, మర్నాడే రోడ్డేసుకోవచ్చు" అన్నాను.

నిజమే కాబట్టి చెప్పాను. ఆయన తలాడించి వెళ్ళిపోయాడు. అప్పట్నించీ పొద్దున్నే వచ్చి పిట్టని చూడ్డానికి వెళ్ళేటప్పుడల్లా, గుడ్లు లెక్కపెట్టేదాకా నాకు స్థిమితం ఉండేది కాదు. ఆయన మీద అనుమానమని కాదు. ఆ ప్రశ్న మాత్రం చెవిలోంచి పోలేదు.

ఇక నేడో రేపో పిల్లలవుతాయనగా, కౌన్సిల్ నుంచి తనిఖీ ఉందని కబురొచ్చింది. హెలెన్ అని, గనుల అనుమతులు సరిగ్గా పాటిస్తున్నారో లేదో చూసే ఆఫీసరు. నెమ్మదిగా మాట్లాడుతుంది, ఏదీ మర్చిపోదు. ఆవిడని వెంటబెట్టుకుని డైరెక్టరు గ్రాహమ్ కూడా వస్తాడట. నేను వాళ్ళకన్నా ముందే సైటుకి చేరుకుని, బూట్లు వేసుకుని, గుడ్లున్న చోటికి ఆనుకుని ఉన్న మట్టికట్ట ఎక్కాను.

కట్ట మీద కాకులున్నాయి.

క్వారీలో కాకులుంటాయి, కాదనను. కానీ అవి డ్రైవర్లు తినే క్యాబిన్ దగ్గరే తచ్చాడుతుంటాయి. ఇటు ఉత్త రాళ్ళు, తిండి లేదు, కాబట్టి రావడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే కదా పిట్ట ఈ చోటు ఎంచుకుంది! ఆ పొద్దున మాత్రం గుంపుగా దిగి, తాడు బయట దేన్నో పొడుచుకు తింటున్నాయి. నేను చేతులూపుకుంటూ పరిగెత్తితే కాస్త ఎగిరి మళ్ళీ అక్కడక్కడే వాలాయి. దగ్గరికెళ్ళి చూశాను.

విస్తరాకు. దాని మీద అన్నం, కోడికూర, రెండు గారెలు, సగానికి కోసిన ఉడికించిన గుడ్డు. గుడ్డు సగం అప్పటికే పోయింది.

ఆ రాళ్ళ మీద విస్తరాకు చూసి అదేమిటో చెప్పగలిగిన మనుషులు ఆ సైట్లో ఇద్దరే. ఒకదాన్ని నేను. మిగతా ప్రపంచానికి అది ఎర. కాకుల్ని పిలిచి, గుడ్డు రుచి చూపించి, గుడ్ల పక్కనే వదిలిపెట్టినట్టు కనిపిస్తుంది. తెలుగుదాన్ని అయ్యుండీ నాకూ ఓ క్షణం అలాగే కనిపించింది.

పికప్ బండి చప్పుడు వినిపించింది. సదాశివం గారు దిగాడు. తలస్నానం చేసిన జుట్టు, నుదుట బొట్టు, ఒంటి మీద పచ్చటి సేఫ్టీ జాకెట్టు. నన్ను చూసి నవ్వాడు కూడా.

"ఇది మీరు పెట్టారా?"

"నేనే పెట్టిన. ఇయ్యాల మా బాపు సంవత్సరీకం."

"ఇక్కడా పెట్టేది?"

"ఏటేట ఇక్కడనే పెడ్త. మునుపు ఇంటి వెనక పెడితే, పక్కింటాయన ఎలుకలొస్తయని కౌన్సిల్‌కు ఫోన్ కొట్టిండు. ఇంటి కాడ ఉడతలు, పావురాలు తప్ప కాకి ముట్టదు గూడ. ఇక్కడ ముడ్తది." తర్వాత నా మొహం చూసి కాబోలు, వేలు చాపి చూపించాడు. "తాడు అవతలనే పెట్టిన, చూస్కో. ఒక్కడుగు లోపలికి పోలే."

నిజమే. తాడుకి బయటే ఉంది. నేను గీసిన గీతని ఆయన అక్షరాలా పాటించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కాకికి తాడు కనపడుద్దా అండీ? ఇక్కడ తిండి దొరుకుద్దని ఒకసారి తెలిస్తే చుట్టూ అంగుళం అంగుళం వెతుకుద్ది. అది కాకి! ఇరవై ఏళ్ళు గనుల్లో పనిచేశారు, ఆ మాత్రం తెలీదా? పైగా గుడ్డొకటి. గుడ్డెందుకు పెట్టారు? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

ఆయన నవ్వు పోయింది. విస్తరాకు వంకా, తాడు లోపలి రాళ్ళ వంకా మార్చి మార్చి చూశాడు. అప్పుడే ఆయనకి అర్థమైందని నాకనిపించింది. అనిపించింది అంటున్నాను, ప్రమాణం చెయ్యలేను.

"బాపు బొగ్గు బాయిలకు దిగేటప్పుడు రోజు టిఫిన్ల ఒక గుడ్డు పెట్టుకపోయేటోడు" అన్నాడు మెల్లిగా. "సగం తిని సగం నాకు తెచ్చేటోడు. ఒకనాడు కప్పు కూలి మీద పడ్డది. గందుకే ఆయనకు గుడ్డు పెడ్త. మొత్తం పెడ్త."

తర్వాత నా వైపు తిరిగాడు.

"గుడ్లు పోతే ఏమైతదని నిన్ను అడిగిన గద, ఆ ముచ్చట యాదికొస్తుందా నీకు?"

"వస్తోందండీ."

"నేను కావాల్ననే పెట్టిన అనుకుంటున్నవా?"

జవాబు చెప్పేలోపు పిట్ట అరిచింది.

మేం మాటల్లో ఉండగానే విస్తరాకు ఖాళీ అయిపోయింది. కాకులు ఎగిరిపోలేదు. తలలు వంచి, అటో అడుగు ఇటో అడుగు వేసుకుంటూ, తాడు కింద నుంచి లోపలికి నడుస్తున్నాయి. పిట్ట గుడ్ల మీద నుంచి లేచి, రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పక్కకి పోతోంది. నన్ను పట్టుకో, నా వెనక రా అని దాని నాటకం. నక్కైతే నమ్మి వెంటపడేది. ఆ కాకుల్లో ఒకటి దాన్ని ఓసారి చూసి, దారి మార్చుకోకుండా నేరుగా గుంట దగ్గరికి నడిచింది. ముక్కు దించి ఎత్తేసరికి ముక్కున గుడ్డుంది.

సదాశివం గారు తాడు మీదికి దూకబోయాడు. నేను జాకెట్టు పట్టుకుని వెనక్కి లాగాను.

"లోపలికెళ్ళకండి! వెళ్తే మీరే చెదరగొట్టినట్టవుద్ది."

"అయితే నువ్వు పో! నీకు లైసెన్సున్నది గద!"

"నేనెళ్ళి ఏం చెయ్యను? నేను వెళ్తే కాకులు ఎగిరిపోతాయి, పిట్టా పోద్ది. నేను వెనక్కి రాగానే కాకులే ముందొస్తాయి. రోజంతా నేనక్కడే నిలబడితే గుడ్లు చల్లబడి లోపలి పిల్లలు చచ్చిపోతాయి."

మిగిలిన కాకులు కూడా అటే తిరిగాయి. మూడు గుడ్లు ఎండలో బయటపడి ఉన్నాయి. నా చదువూ నా లైసెన్సూ నా తాడూ ఏవీ ఆ నాలుగడుగుల దూరాన్ని ఆపలేకపోతున్నాయి. ఏడుపొచ్చేసింది నాకు. అప్పుడు తట్టింది.

"ఇంకా ఉందా తిండి?"

"ఏం తిండి?"

"ఇదే! అన్నం, గారెలు, ఏదో ఒకటి!"

"బండిల క్యారేజున్నది. మధ్యాన్నం డ్రైవర్లకు పెట్టమని సుగుణ ఇచ్చింది."

సుగుణ ఆయన భార్య. నేను చెయ్యి చాపి చూపించాను. క్వారీ గేటు పక్కన ఇసుక కుప్ప ఉంది, సైటంతటికీ ఎత్తైనది అదే. అక్కడ పెడితే కాకులకి ఇక్కణ్ణించే కనపడుతుంది, గుడ్లకి చాలా దూరం కూడా. ఆయన అటు చూశాడు. నేనూ చూశాను. గేటులోంచి నల్ల కారొకటి లోపలికి వస్తోంది. గ్రాహమ్ కారు. పక్కన హెలెన్ ఉంటుంది.

"వాళ్ళు చూస్తారండీ" అన్నాను. నాకు తెలియకుండానే అనేశాను. కాకులకి తిండి పెడుతూ దొరికిపోతాడు. ఆ తర్వాత ఇక్కడ ఈ విస్తరాకు ఎవరు పెట్టారని ఎవరూ అడగక్కర్లేదు.

"చూడనీ తియ్యి" అన్నాడు, అప్పటికే బండి ఎక్కుతూ.

నేను కట్ట మీద బోర్లా పడుకుని బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాను. ఒక కాకి గుంట అంచుకి వచ్చింది. పిట్ట నాటకం మానేసి దాని మొహం మీదికి ఎగిరి పొడవబోయింది. నలభై గ్రాములు. కాకి తల విదిల్చింది, అంతే. మరో వైపు నుంచి ఇంకో కాకి నడిచొస్తోంది.

అంత దూరం నుంచి ఆయన గొంతు వినిపించింది. "కా... కా... కా..."

మా చిన్నప్పుడు పెరట్లో పెద్దవాళ్ళు పిలిచిన పిలుపు అది. ఆ పిలుపు నేను ఇంగ్లండులో ఇంతవరకూ వినలేదు. ఇసుక కుప్ప మీద, కూరుకుపోతున్న బూట్లతో, ఆ పెద్దమనిషి క్యారేజీ గిన్నె ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో గారెలు గాల్లోకి విసురుతున్నాడు. కుప్ప కింద కారాగింది. గ్రాహమ్, హెలెన్ దిగి తలెత్తి నిలబడ్డారు. ఆయన వాళ్ళకేసి చూడనైనా చూడలేదు.

"కా... కా... రండ్రి... కా..."

గుంట అంచున ఉన్న కాకి తలెత్తింది. అటు చూసింది. మళ్ళీ గుడ్ల వంక చూసింది. ఇంకో గారె గాల్లోకి లేచింది. కాకి రెక్కలు విప్పి కట్ట మీదుగా, దాదాపు నా తల మీదుగా ఎగిరిపోయింది. దాని వెనక రెండోది, ఆ వెనక అన్నీ. కొంతసేపటికి పిట్ట పరుగు పరుగున వచ్చి, గుంట చుట్టూ ఒకసారి తిరిగి, మిగిలిన మూడింటి మీద కూర్చుంది.

నేను మొహం తుడుచుకుని విస్తరాకుకి ఫోటో తీశాను. ఎక్కడుంది, తాడుకి ఎంత దూరం, ఏమేం మిగిలాయి, అన్నీ తీశాను. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. అలవాటు.

గేటు దగ్గరికి చేరేసరికి ముగ్గురూ కుప్ప కింద నిలబడి ఉన్నారు. పైన కాకులు అన్నం తింటున్నాయి. గుడ్డొకటి పోయిందని చెప్పాను. ఎలా పోయిందని హెలెన్ అడిగింది. కాకి తీసుకెళ్ళిందన్నాను.

"కాకులు అటు ఎందుకెళ్ళాయి? ఇదివరకు వెళ్ళేవి కావని మీరే రిపోర్టులో రాశారు కదా?"

"అక్కడ ఎవరో తిండి పడేశారు."

గ్రాహమ్ చాలా మర్యాదస్తుడు. ఎప్పుడూ గొంతు పెంచడు. "డ్రైవర్లలో ఎవరో లంచ్ పారేసి ఉంటారు" అన్నాడు హెలెన్‌తో. "ఎన్నిసార్లు చెప్పినా వినరు. సదాశివం పాపం దాన్నే ఇటు మళ్ళిస్తున్నాడు." తర్వాత నా వైపు తిరిగి, నా కళ్ళలోకి చూశాడు. "అంతే కదా, పుష్పా?"

అవును అంటే చాలు. ఆ ఒక్క మాటతో సదాశివం గారి ఉద్యోగం నిలుస్తుంది, నా కాంట్రాక్టు నిలుస్తుంది, డ్రైవర్లకి నాలుగు తిట్లు పడతాయి, అంతే. గుడ్లు ఎలాగూ దక్కాయి. పోయిన గుడ్డు తిరిగి రాదు. ఆ మనిషి చేసింది తండ్రికి అన్నం పెట్టడం. నేను నిజం చెబితే, ఈ దేశంలో దాన్ని ఏమంటారో నాకు బాగా తెలుసు. గుడ్లు పోతే ఏమవుతుందని ఆయన నన్ను అడిగాడన్న సంగతి నేను తప్ప ఎవరూ ఎరగరు.

సదాశివం గారి వంక చూశాను. వద్దనో, చెప్పమనో, ఏదో ఒకటి ఆ మొహంలో కనబడితే బాగుండనుకున్నాను. ఆయన ఖాళీ గిన్నె పట్టుకుని కాకులు తినడం చూస్తున్నాడు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. అంత మెత్తగా దారి చూపించిన గ్రాహమ్ మీద, గుడ్డు పెట్టి కూర్చున్న ఈయన మీద, ఎక్కడా చోటు లేనట్టు రోడ్డు మధ్యలో కాపురం పెట్టిన ఆ పిట్ట మీద.

"కాదు" అన్నాను. "డ్రైవర్లు కాదు."

ఆ తర్వాత అంతా చెప్పాను. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, గుడ్డు సంగతీ, ఆయన నన్ను అడిగిన ప్రశ్నా. ఇసుక కుప్ప మీద నుంచి పిలవకపోయి ఉంటే మిగతా మూడూ పోయేవని కూడా చెప్పాను. హెలెన్ ఆయన్ని అడిగింది. "అవును, నేనే" అన్నాడు ఇంగ్లీషులో, ఇంకేమీ కలపకుండా.

మధ్యాహ్నానికల్లా ఆయన్ని ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. పోలీసుల్లో వన్యప్రాణుల కేసులు చూసే ఆవిడ వచ్చి సుగుణ గారి స్టీలు క్యారేజీని ప్లాస్టిక్ సంచిలో వేసి తీసుకుపోయింది. నేను ఆ సాయంత్రం రిపోర్టు రాసి పంపాను. రాయడానికి ఏమీ కష్టం కాలేదు. పంపడానికే అయింది.

ఆ వారంలోనే పిల్లలయ్యాయి. మూడు. దూది ఉండలకి అగ్గిపుల్లలు గుచ్చినట్టున్నాయి. పుట్టిన పూటే లేచి, తల్లి వెనకాల రాళ్ళ మీద తూలుకుంటూ చెరువు ఒడ్డుకి నడిచిపోయాయి. నేను తాడు విప్పి వాటి వెంట అక్కడికి మార్చాను. రోడ్డు చోటు ఖాళీ అయింది. మర్నాడు యంత్రాలు కదిలాయి, కొత్త మేనేజరుతో. సెప్టెంబరు లోపల పని తెముల్తుందో లేదో ఎవరికీ తెలియదు. కౌన్సిల్ మాత్రం అనుమతికి ఇంకో షరతు చేర్చింది. క్యాబిన్ బయట ఎవరూ ఎక్కడా ఆహారం ఉంచరాదని. దాని వెనక ఎవరి బాపు ఉన్నాడో ఇక ముందు చదివేవాళ్ళకి తెలియదు. నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించడం లేదని గ్రాహమ్ చాలా మర్యాదగా రాశాడు.

శనివారం మిల్టన్ కీన్స్‌లో సదాశివం గారింటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. వాళ్ళ కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, నంబరు చూసుకుని బెల్లు కొట్టాను. సుగుణ గారు తలుపు తీశారు. రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళి, వంటింటి తలుపు వేసుకున్నారు.

సదాశివం గారు హాల్లో సోఫా చివర కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కాగితాలున్నాయి. నా రిపోర్టే.

"ఎన్ని?" అన్నాడు, నేను కూర్చోకముందే.

"మూడండీ. మూడూ చెరువు దగ్గరున్నాయి."

తలాడించాడు. "నాలుగోది నా కాకి తిన్నది."

పోలీసులు ఏమన్నారని అడిగాను. ఇంకా తేల్చలేదని, కావాలని చేసినట్టు రుజువు కాకపోతే వదిలేస్తారని లాయరు చెప్పాడన్నాడు. ఉద్యోగం మాత్రం రాదన్నాడు.

"నన్ను తిట్టండి" అన్నాను. "తిట్టించుకుందామనే వచ్చాను."

ఆయన రిపోర్టు బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేశాడు.

"ఇది నాలుగుసార్లు చదివిన. నేను నిన్ను అడిగిన మాట గూడ రాసినవు. అది నువ్వు రాయకున్నా ఎవనికి తెల్వదు."

"రాయక తప్పలేదండీ."

"మా బాపు మీద కప్పు కూలిన నాడు, పొద్దుగాల కప్పు చూసి రాసేటాయన మల్లయ్య కాక. బాపుకు జిగ్రీ దోస్తు. కప్పు వదులైందని ఆయనకు ఎరికే. రాస్తే షిఫ్టు ఆగుతది, మావోళ్ళ కూలి పోతదని, 'అంతా మంచిగున్నది' అని రాసి సంతకం పెట్టిండు. మా మంచి కోరే పెట్టిండు. సచ్చేదాక మా అమ్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చిండు."

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. సుగుణ గారు వింటున్నారని తెలుస్తోంది, బయటికి మాత్రం రాలేదు.

"గ్రాహమ్ నిన్ను అడిగినప్పుడు నేను నీ మొహం చూడలే" అన్నాడు సదాశివం గారు. "చూస్తే నువ్వు నాకోసం 'అవును' అంటవని భయమైంది. అని ఉంటే నా కొలువు ఉండేది. కని మా బాపుకు ముద్ద పెట్టే మొహం మళ్ళ నాకు ఉండకపోవు."